మొదటిసారి ఒమాకాసే సుషీ కౌంటరుకి వెళ్తున్న వాళ్లకి

మీ అబ్బాయి నవంబరులో మీ ఇద్దరికీ టోక్యోలోని గింజాలో ఒక సుషీ కౌంటరులో రాత్రి భోజనానికి సీట్లు బుక్ చేశాడు. మెనూ ఉండదట, వాళ్లు ఏది పెడితే అది తినాలట, మొత్తం ఎనిమిది కుర్చీలేనట. మీవారికి రొయ్య పడదు, మీరు పచ్చి చేప ఎప్పుడూ నోట్లో పెట్టలేదు, చాప్‌స్టిక్స్ పట్టుకోవడం ఇద్దరికీ రాదు. అంత డబ్బు పోసి అక్కడ ఏదైనా తప్పు చేస్తామేమోనని మీ భయం. ఇదే కదండీ మీరు అడిగింది.

నేను టోక్యోలో ఇరవై రెండేళ్లుగా దుబాసీ పని చేస్తున్నాను. ఇండియా నుంచి వచ్చే కంపెనీల వాళ్లని ఇలాంటి కౌంటర్లకి తీసుకెళ్లి పక్కన కూర్చుని మాట కలపడం నా ఉద్యోగంలో భాగం. మనవాళ్లు ఎక్కడ ఇబ్బంది పడతారో నాకు బాగా తెలుసు. చాప్‌స్టిక్స్ దగ్గర మాత్రం కాదు. ఆ సంగతి ముందు తేల్చేస్తాను: నిగిరి సుషీని, అంటే చిన్న అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి పట్టినదాన్ని, చేత్తో తినవచ్చు. అది మర్యాదే, పాతకాలపు పద్ధతి కూడా. మీ ముందు చుట్టి పెట్టిన తడి గుడ్డ వేళ్లు తుడుచుకోవడానికే. చిన్నప్పటి నుంచి అన్నం ముద్ద చేసి తిన్న చేతులు మనవి, మీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అసలు ఇబ్బంది ఆ ఒమాకాసే అన్న మాటను తప్పుగా అర్థం చేసుకోవడం దగ్గర వస్తుంది. మకాసెరు అంటే అప్పగించడం. ‘మీ చేతిలో పెట్టాను, మీ ఇష్టం’ అనడం. చాలామంది దీన్ని ‘నోరు మూసుకుని పెట్టింది తినాలి’ అనుకుంటారు. కాదండీ. పెళ్లి వంటవాడికి వంట అప్పగించేటప్పుడు ఎంతమంది వస్తారు, ఎవరికి ఏది పడదు అన్నీ ముందే చెప్పి, ఆ తర్వాత గాడిపొయ్యి దగ్గరికి వెళ్లి గరిట లాక్కోం కదా. ఇదీ అంతే. చెప్పాల్సినవన్నీ తలుపు బయటే చెప్పేయాలి. లోపలికి వెళ్లాక కౌంటరు వెనక నిలబడే వంటాయనకి వదిలేయాలి.

కాబట్టి ఈ రోజే మీ అబ్బాయితో ఆ కౌంటరుకి ఫోన్ చేయించండి. మీవారి రొయ్య సంగతి ‘ఇష్టం లేదు’ అని కాదు, ‘అలర్జీ’ అని చెప్పాలి. జపనీస్‌లో అరెరుగీ అంటారు. ‘ఎబి అరెరుగీ’ అంటే వాళ్లకి సమస్తం అర్థమవుతుంది. పీత కూడా పడకపోతే ‘కని’ అన్న మాట కలపండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, రొయ్య కనబడే చోటే ఉండదు. చివర్లో పెట్టే తమాగో అనే గుడ్డు అట్టులో, మంచి పాతకాలపు కౌంటర్లలో, సన్న రొయ్యల్ని మెత్తగా నూరి కలుపుతారు. చూడ్డానికి కేకు ముక్కలా పసుపు పచ్చగా అమాయకంగా ఉంటుంది. తెలియక తింటే ఆ రాత్రి ఆస్పత్రిలో తేలుతారు. ముందే చెబితే ఆయన మీవారికి వేరే ఏర్పాటు చేస్తాడు. అక్కడికి వెళ్లి కూర్చున్నాక చెబితే చేతిలో ఏమీ ఉండదు, ఎందుకంటే ఎనిమిది మందికి సరిపడా మాత్రమే ఆయన ఆ పొద్దున తోయోసు మార్కెట్లో కొని తెచ్చుకుంటాడు. పాత త్సుకిజి చేపల మార్కెట్ 2018 అక్టోబరులో తోయోసుకి మారింది. పెద్ద చేపలు అమ్మేదీ చిన్న కౌంటర్ల వాళ్లు బేరం చేసేదీ ఇప్పుడు అక్కడే.

ఇంకో మాట. నవంబరు అంటున్నారు. కార్తీక మాసం ఎప్పుడు పడుతుందో క్యాలెండరు చూసుకున్నారా? మీ ఇంట్లో కార్తీకంలో నీసు ముట్టని ఆచారం ఉంటే, లేదా శనివారం తినని అలవాటుంటే, తేదీ ఇప్పుడే మార్పించండి. చాలా కౌంటర్లలో ఆ రోజే వద్దంటే పూర్తి డబ్బు తీసుకుంటారు. అది న్యాయమే అంటాను నేను, మీ కోసం కొన్న చేప ఇంకొకరికి పెట్టలేడు కదా.

ఇక పచ్చి చేప భయం. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ విషయం తెలిస్తే మీకు సగం భయం పోతుంది.

మీరు వెళ్లేది ఎదోమాయే పద్ధతి కౌంటరు. టోక్యో పాత పేరు ఎదో, దాని ముందున్న సముద్రపు చేపతో చేసేది కాబట్టి ఆ పేరు. 1820ల్లో ర్యోగోకు ప్రాంతంలో హనాయా యొహెయి అనే ఆయన ఈ రకం సుషీని జనంలోకి తెచ్చాడని చెబుతారు. అప్పట్లో ఇది గొప్పవాళ్ల తిండి కాదు. వీధి బండి మీద నిలబడి తినేది, ముక్క ఇప్పటికన్నా రెండు మూడు రెట్లు పెద్దది, ఉప్మా పెసరట్టు తిన్నట్టు తినేసి పనికి వెళ్లిపోయేవాళ్లు. ఐసు లేదు, ఫ్రిజ్ లేదు. అందుకని చేపని పచ్చిగా ఉంచే వీలే లేదు. ఉప్పు పట్టించడం, వెనిగర్‌లో ముంచడం, సోయా సాస్‌లో ఊరబెట్టడం, ఉడికించడం, కొంబు అనే సముద్రపు ఆకుల మధ్య పెట్టి నొక్కి ఉంచడం. ఈ పనుల్నే వాళ్లు షిగోతో అంటారు, అంటే పని అనే. ‘ఈ చేపకి పని జరిగింది’ అంటారు. ఫ్రిజ్‌లు వచ్చినా ఆ పనులు పోలేదు, రుచి వాటిలోనే ఉందని తెలిసిపోయింది కాబట్టి.

అందువల్ల మీ ముందుకొచ్చే పదిహేను, ఇరవై ముక్కల్లో చాలా వాటికి ఇలాంటి పని జరిగి ఉంటుంది, అవి మీరు ఊహించుకుంటున్న పచ్చి చేప కాదు. అనాగో అనే సముద్రపు పాము చేప మెత్తగా ఉడికించి, దాని పులుసునే చిక్కబరిచి పైన పూస్తారు. నోట్లో పెడితే కరిగిపోతుంది. ఆక్టోపస్ ఉడికిందే. ఆల్చిప్ప లాంటి హమాగురి ఉడికించి ఊరబెట్టిందే. గుడ్డు అట్టు సరేసరి. ఎర్ర ట్యూనాని చాలా చోట్ల సోయాలో ఊరబెడతారు. అసలు పచ్చిగా వచ్చే హిరామే, తాయ్ లాంటి తెల్ల చేపలు కూడా అప్పుడే పట్టినవి కావు, ఒకటి రెండు రోజులు ఉంచినవి. పెద్ద ట్యూనా అయితే వారం, పది రోజులు కూడా ఉంచుతారు. అప్పుడే చంపిన చేప గట్టిగా, రబ్బరులా, రుచి లేకుండా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ కండ మెత్తబడి రుచి ఊరుతుంది. తాజాదనం అంటే మన చేపల బజారులో మొప్ప ఎత్తి చూసే ఎరుపు ఒక్కటే అనుకుంటే ఈ కౌంటరు అర్థం కాదు.

పురుగుల భయం మీరు రాయలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. వసాబీ అనే ఘాటు వేరు ముద్ద, వెనిగర్ చేపలోని అనిసాకిస్ పురుగును చంపుతాయని కొందరు చెబుతారు, అది నిజం కాదు. మైనస్ 20 డిగ్రీల దగ్గర 24 గంటలు గడ్డకట్టిస్తే చస్తుంది, బాగా వేడి చేస్తే చస్తుంది. గడ్డకట్టించని చేపల్ని ఇతామాయే, అంటే కౌంటరు వెనక నిలబడే వంటాయన, కోసేటప్పుడు వెలుతురులో కళ్లతో వెతికి తీసేస్తాడు. మంచి కౌంటరుకి డబ్బు పోయడంలో ఈ జాగ్రత్తకి కూడా వాటా ఉంది. గర్భిణులు, రోగనిరోధకశక్తి తగ్గే మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా వెళ్లవద్దు.

కొహాదా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వెండి రంగు చర్మం మీద నల్ల చుక్కలున్న చిన్న చేప. దీన్ని చూసి చాలామంది మొహం చిట్లిస్తారు, కొవ్వు ట్యూనా కోసం ఎదురుచూస్తారు. నన్నడిగితే ఆ కౌంటరు ఎలాంటిదో తెలిసేది ఈ ముక్కతోనే. కొవ్వు ట్యూనా డబ్బుంటే ఎవరైనా కొనవచ్చు. కొహాదా చవక చేప, ముళ్లు ఎక్కువ. దాన్ని పుస్తకంలా తెరిచి, ముల్లు తీసి, ఉప్పు చల్లి, కడిగి, వెనిగర్‌లో ముంచి, ఆరబెట్టి ఒకటి రెండు రోజులు ఉంచుతారు. ఎన్ని నిమిషాలు ఉప్పు, ఎన్ని నిమిషాలు వెనిగర్ అన్నది చేప సైజు, దాని కొవ్వు, ఆ రోజు వాతావరణం చూసి నిర్ణయించాలి. ఒక్క నిమిషం ఎక్కువైతే ఊరగాయ ముక్కలా బిగుసుకుపోతుంది, తక్కువైతే నీచు వాసన. మా ఊరు గోదావరి ఒడ్డున. కొహాదా మన పులసకి దూరపు చుట్టం, హెర్రింగ్ జాతి చేపలే రెండూ. పులస లాగానే దీనికీ పేర్లు మారతాయి. సముద్రంలో ఉన్నంతసేపు విలస, గోదారి ఎక్కితే పులస అంటాం కదా. ఇక్కడ సైజును బట్టి మారుతుంది: వేలెడంత పిల్ల షింకో, తర్వాత కొహాదా, ఆ తర్వాత నకాజుమి, బాగా పెరిగితే కొనోషిరో. విచిత్రమేమిటంటే చేప పెరిగేకొద్దీ ధర పడిపోతుంది. ఎండాకాలంలో మొదట వచ్చే షింకో కోసం ఇక్కడివాళ్లు చేసే హడావిడి చూస్తే ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అన్న మాట గుర్తొస్తుంది. మీరు వచ్చే నెలలో కొహాదా ఉంటుంది. దాన్ని వద్దనకండి. ముళ్లు గుచ్చుకుంటాయని భయం వద్దు, వెనిగర్‌కి అవి మెత్తబడిపోతాయి.

అన్నం గురించి చెప్పకపోతే పాపం. సుషీ అంటే చేప అనుకుంటాం కానీ అన్నంతోనే దుకాణం నిలబడుతుంది. పులిహోర కలిపేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. మనం అన్నం వార్చి, వెడల్పు పళ్లెంలో పరిచి, మెతుకు విరగకుండా పులుసు పట్టిస్తాం. వీళ్లు వెడల్పు చెక్క తొట్టిలో పొగలు కక్కే అన్నం పోసి, వెనిగర్ చల్లి, చెక్క గరిటెతో కోసినట్టుగా కలుపుతారు, పిసకరు. పాతకాలపు కౌంటర్లలో ఆ వెనిగర్ ఎర్రగా ఉంటుంది. 1804లో హందా అనే ఊళ్లో నకానో మతాజాయెమోన్ అనే సాకే అనే బియ్యపు మద్యం వ్యాపారి, ఆ మద్యం వడకట్టగా మిగిలిన పిండితో వెనిగర్ చేయడం మొదలుపెట్టాడు. బియ్యం వెనిగర్ కన్నా చవక, కాబట్టి ఎదో బండ్ల వాళ్లు దాన్నే పట్టుకున్నారు. అన్నం లేత గోధుమ రంగులో కనిపిస్తే మాడిందనో పాచిదనో అనుకోకండి, ఆ వెనిగర్ రంగే అది.

చేయడాన్ని దగ్గరగా చూడండి. ఆయన కుడి చేయి అన్నంలోకి వెళ్లి ఒక ముద్ద తీస్తుంది, ఎడమ చేతిలో చేప ముక్క ఉంటుంది, చూపుడు వేలితో వసాబీ చిటికెడు అద్దుతాడు, రెండు మూడు సార్లు తిప్పి నొక్కి మీ ముందు పెడతాడు. పెట్టాక ఒక్క క్షణం కళ్లార్పకుండా చూడండి. ముక్క తన బరువుకి తానే ఒక వెంట్రుకవాసి కిందికి కుంగుతుంది. లోపల గాలి ఉండేలా పట్టాడన్నమాట. పైన విడిపోకుండా, నోట్లో పెట్టగానే మెతుకు మెతుకుగా విడిపోయేలా. అన్నం మన ఒంటి వేడిలో ఉంటుంది, చేప దానికన్నా కొంచెం చల్లగా. ఆ తేడా కొద్దిసేపే నిలుస్తుంది. వసాబీ ఘాటు కూడా అంతే. పచ్చి వేరుని షార్క్ తోలు మీద అప్పటికప్పుడు నూరతారు, కాసేపుంటే ఘాటు ఎగిరిపోతుంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిన్నవాళ్లకి ఈ ఘాటు కొత్త కాదు, ముక్కు పుటాల్లోకి ఎక్కేదే, రెండింట్లోనూ అదే గుణం.

అందుకే పెట్టిన వెంటనే తినండి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతా మర్యాదలు ఏవి తప్పినా ఎవరూ పట్టించుకోరు. నేను టోక్యో వచ్చిన రెండో ఏడు, ఒక అతిథితో ఒక చిన్న కౌంటరులో కూర్చున్నాను. ట్యూనా ముక్క పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఫోన్. లేచి బయటికి వెళ్లి రెండు మూడు నిమిషాలు మాట్లాడి వచ్చాను. వచ్చేసరికి నా ముందు చెక్క పలక ఖాళీగా ఉంది. ఆయన ఏమీ అనలేదు, నేను కూర్చుని చేతులు తుడుచుకునే దాకా ఆగి, కొత్త ముక్క పట్టి పెట్టాడు. మొదటిది చెత్తలోకి వెళ్లింది. ఎంత ఖరీదైన చేపో నాకు తెలుసు. ఆ రోజు నుంచి కౌంటరు దగ్గర నా ఫోన్ సంచిలోంచి బయటికి రాలేదు. ఫొటో తీసుకోవాలనుంటే ‘షషిన్ ఈ దెస్ క’ అని ఒకసారి అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. ఒకటి తీసి తినేయండి. ఇతర అతిథుల మొహాలు పడకూడదు.

సోయా సాస్ గిన్నె మీ ముందు ఉండకపోవచ్చు. ఇలాంటి చోట ముక్క మీద నికిరి అనే కాచిన సోయాని కుంచెతో ఆయనే పూసి పెడతాడు. గిన్నె ఉంటే ముక్కని పక్కకి తిప్పి చేప వైపు అద్దండి, అన్నం వైపు కాదు, అన్నం విడిపోయి గిన్నెలో పడుతుంది. ఒక్క ముద్దలో తినాలి, కొరికి మిగతాది కింద పెట్టకూడదు. ముక్క పెద్దదనిపిస్తే, లేదా మీకు షుగరుండి అన్నం తగ్గించాలంటే, ‘షారి చీసామే దే’ అనండి, అన్నం తక్కువ వేసి పట్టి పెడతాడు. ఆడవాళ్లు ఎందరో అడుగుతారు, తప్పేం కాదు. గారి అనే పలుచటి అల్లం ముక్కలు చేపతో నంజుకోవడానికి కాదు. ఒక చేపకీ ఇంకో చేపకీ మధ్య నోరు కడుక్కోవడానికి.

నగలు, సెంటు సంగతి మీకు మాత్రమే చెప్పాల్సిన మాట. కౌంటరు హినోకి అనే మెత్తటి చెక్కతో చేసింది, కొన్ని చోట్ల ఒకే దూలం. లక్షలు పెట్టి చేయించి రోజూ తుడిచి పెంచుకుంటారు. రాళ్ల ఉంగరాలు, బంగారు గాజులు, వాచీ ఆ చెక్కకి రాసుకుంటే గీతలు పడతాయి. ఆ పూటకి వదిలేసి వెళ్లండి. అత్తరు, సెంటు, తలలో మల్లెపూలు కూడా వద్దు. ఎనిమిది మంది ఒకరి పక్కన ఒకరు కూర్చునే గది, పక్కవాళ్లకి చేప వాసన, వెనిగర్ వాసన అందాలి. మనం బయల్దేరేటప్పుడు సంచిలో కారప్పొడి వేసుకోవడం అలవాటు. అది హోటల్లో ఉండనివ్వండి.

డబ్బు: మంచి కౌంటర్లలో రాత్రి మనిషికి 20 వేల యెన్‌ల నుంచి 40 వేల దాకా సాధారణం, గింజాలో పేరు మోసిన చోట్ల ఇంకా పైన. అదే మధ్యాహ్నమైతే 8 వేల నుంచి 15 వేలకి దొరుకుతుంది, ముక్కలు కొన్ని తక్కువ ఉంటాయి, చేయి అదే. మీకు మొదటిసారి కాబట్టి నేనైతే రాత్రిది మార్చి మధ్యాహ్నం వెళ్లమంటాను. వెలుతురులో చేప రంగులు కనిపిస్తాయి, రాత్రి రెండున్నర గంటలు కూర్చునే బాధ ఉండదు, ముందు ఇచ్చే చిన్న చిన్న పళ్లేలు లేకుండా నేరుగా నిగిరికి వస్తారు. మందు తాగక్కర్లేదు, వేడి టీ అడిగినన్ని సార్లు పోస్తారు. టిప్పు ఇవ్వకండి, ఇస్తే వెనకాలే పరిగెత్తుకొచ్చి తిరిగిస్తారు. 10 శాతం పన్ను, కొన్ని చోట్ల సర్వీస్ ఛార్జీ బిల్లులో కలుస్తాయి. ఇంటర్నెట్లో చూసి టీని అగారి అని, బిల్లుని ఒఆయిసో అని అడగకండి. అవి దుకాణం వాళ్లు తమలో తాము వాడుకునే మాటలు. ఒచా అంటే టీ, ఒకైకే అంటే బిల్లు, అంతే చాలు.

ఆయనతో మాట్లాడవచ్చా అంటే తప్పకుండా. ‘ఇది ఏ ఊరి చేప’ అని అడిగితే చాలా సంతోషిస్తారు. మీ అబ్బాయి పక్కనుంటే ఇంకా మంచిది. ఏదైనా ముక్క నిజంగా మింగలేకపోతే నిశ్శబ్దంగా వదిలేయకండి, తర్వాతి దానికి ముందే చెప్పండి. ఉదాహరణకి ఉని, అంటే సముద్రపు ముళ్లకాయ లోపలి పసుపు ముద్ద, చాలామంది మనవాళ్లకి ఎక్కదు. ‘ఉని నిగాతె దెస్’ అనండి, ఆయన నవ్వి ఇంకోటి పెడతాడు.

చివర్లో ‘ఇంకేమైనా కావాలా’ అని అడుగుతాడు. అప్పుడు మళ్లీ కొవ్వు ట్యూనా అడగాలనిపిస్తుంది. నా మాట విని కంప్యో మాకి అడగండి. నోరి అనే ఎండబెట్టిన నల్లటి సముద్రపు ఆకులో అన్నం, మధ్యలో గోధుమ రంగు పట్టీలు. ఆ పట్టీలు ఏమిటో తెలుసా? సొరకాయ. మన సొరకాయే, అదే జాతి. తోచిగి అనే జిల్లాలో పండించి, పొడవాటి రిబ్బన్లలా గీకి, ఎండబెట్టి, సోయా, పంచదారతో ఉడికిస్తారు. మేం గోదావరి వైపు ఆనపకాయ అంటాం. వేల మైళ్ల దూరంలో, అన్ని చేపల తర్వాత, ఆ కౌంటరు మీద ఆనపకాయ తియ్యకూర తిన్నట్టుంటుంది. మీవారికి చూపించి చెప్పండి, ఇతామాయేకి కూడా చెప్పించండి. నేను ఒకసారి చెబితే ఒక ఇతామాయే చేతిలో పని ఆపి, మా ఊళ్లో దాన్ని ఎలా వండుతామో మొత్తం అడిగి తెలుసుకున్నాడు.